తల్లికోడి పని, మన పని

పెరటిలో ఒక మూల గంపలో పెట్ట యొకటి కదలక కూర్చున్నది. దగ్గరకు పోయినచో ఈకలు నిక్కించి, రెక్కలు విప్పి, గొంతులో గురగురలాడుచు పొడువవచ్చును. గింజలు చల్లినను దిగదు. నాలుగు దినములుగా గ్రుడ్డు పెట్టుట మానినది. ఇల్లాలు దానిని చూచి, "పొదుగుకు వచ్చినది" అని పది గ్రుడ్లు ఏరి దాని క్రింద పెట్టును. పెరడున్న ప్రతి యింటికిని ఇంతవరకు తెలిసిన సంగతియే.

తరువాతి కథయు చాలమందికి తెలిసినదే. పది గ్రుడ్లలో ఏడో ఎనిమిదో పిల్లలగును. వారము తిరుగునప్పటికి గద్ద ఒకదానిని తన్నుకొని పోవును. వానకు తడిసి రెండు ముడుచుకొని పోవును. నెల దాటిన పిమ్మట తెగులు వచ్చి మిగిలినవానిలో సగము రాలిపోవును. తుదకు రెండు మూడు పిల్లలు దక్కినచో అదియే అదృష్టమనుకొందుము. పెరటికోళ్ల డబ్బు చాల ఇండ్లలో ఇల్లాలి చేతిలో ఆడు డబ్బు. పిల్లల పుస్తకములకో, జ్వరము మందునకో, పండుగనాటి గాజులకో ఒకరిని అడుగనక్కరలేక ఆమె వాడుకొను డబ్బు. పోయిన ప్రతి పిల్లతోను ఆ డబ్బు కొంత పోవుచున్నది.

ఈ నష్టమునకు కారణమును మనము ఒకప్పుడు తల్లికోడి మీదికి, ఒకప్పుడు దిష్టి మీదికి నెట్టుదుము. నిదానించి చూచినచో తల్లికోడి తన పనిలో లోపము చేయుట అరుదు. గ్రుడ్లకు వేడి యిచ్చుట, పిల్లలను రెక్కల క్రింద దాచుట, మేత చూపుట దానికి ఒకరు నేర్పనక్కరలేదు. అది చేయలేని పనులు కొన్ని యున్నవి. మంచి గ్రుడ్లను ఏరుట, గద్ద రాకుండ పైన కప్పు వేయుట, తెగులు రాకముందే టీకా వేయించుట దాని చేతిలో లేవు. అవి మన పనులు. సాధారణముగా మనము చేయు పొరపాటేమనగా, కోడి పనిలో చేయి పెట్టుదుము. మన పనిని కోడికి వదలుదుము.

పొదుగు అనునది కోడికి వచ్చిన జబ్బు గాదు, మొండితనము గాదు. వరుసగా పది పదునైదు గ్రుడ్లు పెట్టిన పిమ్మట కోడి మెదడు క్రిందనున్న గ్రంథి నుండి ప్రొలాక్టిన్ అను రసము అధికముగా ఊరి నెత్తురులో కలియును. దాని వలన గ్రుడ్లు పెట్టుట నిలిచి, కూర్చుండవలెనను కోరిక పుట్టును. అన్ని జాతులకును ఈ గుణము సమానముగా లేదు. గ్రుడ్ల కొరకే తరతరములుగా ఏరి పెంచిన తెల్ల లెగ్‌హారన్ వంటి జాతులలో ఇది దాదాపు నశించినది. హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు నాటుకోళ్లకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును గాని, పొదుగుటకు నమ్మదగినవి కావు. మన నాటుపెట్టయు, ఆంధ్రదేశమునకు పేరు తెచ్చిన అసీలు పెట్టయు పొదుగునందును, పిల్లల సాకుటయందును దిట్టలు. మేలుజాతి కోళ్లను పెంచు ఇంటిలో కూడ ఒకటి రెండు నాటుపెట్టలను ఉంచుకొనుట ఇందుకే మంచిది.

పొదుగుకు వచ్చినట్లు తోచిన ప్రతి కోడి క్రిందను వెంటనే గ్రుడ్లు పెట్టరాదు. మురిగినవో, పనికిరానివో రెండు గ్రుడ్లు పెట్టి రెండు మూడు దినములు చూడవలెను. రాత్రివేళ కూడ గంప విడువక కూర్చున్నచో దానిని నమ్మవచ్చును. పేలున్న కోడి గంపలో నిలకడగా కూర్చుండజాలదు. దాని రెక్కల క్రిందను, తోక మొదటను పేలున్నవేమో చూచి, ముందుగానే వానిని పోగొట్టవలెను. పెరటిలో పొడి మట్టియు బూడిదయు కలిపిన గుంట యున్నచో కోడి అందులో తానే పొరలి చాలవరకు శుభ్రపడును.

ఇక గ్రుడ్ల సంగతి. అంగడిలో కొన్న గ్రుడ్లను పొదుగుకు పెట్టి, పిల్లలు రాలేదని విచారించువారు కలరు. గ్రుడ్ల ఫారములలో పుంజులుండవు. పుంజుతో కూడని పెట్ట పెట్టిన గ్రుడ్డు తినుటకే గాని పిల్లయగుటకు పనికిరాదు. ఎనిమిది పది పెట్టలకు ఆరోగ్యమైన పుంజు ఒకటి యుండవలెను. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పలుచనివి, బీటలున్నవి తీసివేసి, నడితరము గ్రుడ్లను ఏరవలెను. గ్రుడ్డును కడుగరాదు. పెంకులో కంటికి కనబడని రంధ్రములు వేలకొలది యుండును. వానిని కప్పుచు పెంకు మీద పలుచని పొర యొకటి సహజముగా నుండును. కడిగినచో ఆ పొర పోయి, సూక్ష్మజీవులకు దారి యేర్పడును. మురికి యంటిన గ్రుడ్లను వంటకు వాడుకొనుటయే మేలు.

గ్రుడ్డు వయస్సు ముఖ్యము. చలికాలములో ఏడు దినములు, వేసవిలో మూడు నాలుగు దినములు దాటిన గ్రుడ్లను పెట్టరాదు. దీనికి కారణము తెలిసికొనదగినది. గ్రుడ్డులోని జీవము చల్లని చోట నిద్రించుచుండును. కోడి వేడి తగిలిన పిమ్మటనే అది మేల్కొని పెరుగును. అందుచేతనే పది దినములలో పెట్టిన గ్రుడ్లు పది ఒకే దినమున పిల్లలగుచున్నవి. ఐతే మన వేసవిలో ఇంటిలోని వేడిమియే ఆ జీవమును సగము మేల్కొలుపును. చాలినంత వేడి లేక, పూర్తిగా నిద్రయు లేక అది పెంకులోనే నశించును. వేసవి పొదుగులో మురిగిన గ్రుడ్లు ఎక్కువగుటకు ఇదియే ముఖ్యకారణము. తడి యిసుక మీద నుంచిన కుండలో, సన్నని కొన క్రిందికి వచ్చునట్లు గ్రుడ్లను నిలిపి, నీడపట్టున ఉంచవలెను. వీలైనంతవరకు కార్తీకము మొదలు మాఘము వరకు పొదుగు పెట్టుకొనుట ఉత్తమము.

నాటుపెట్ట క్రింద పది, పండ్రెండు గ్రుడ్లకు మించరాదు. రెక్కల వెలుపలికి వచ్చిన గ్రుడ్డు చల్లబడును. కోడి గ్రుడ్లను లోపలికి, వెలుపలికి మార్చుచుండును గనుక, నేడు వెలుపల నున్నది ఒకటి, రేపు మరియొకటి యగును. ఈ విధముగా రెండు గ్రుడ్లు ఎక్కువ పెట్టిన ఆశ నాలుగు గ్రుడ్లను చెరుపును. పెట్టిన ప్రతి గ్రుడ్డు మీదను బొగ్గుతో గీత గీయవలెను. ఇతర కోళ్లు అదే గంపలో క్రొత్త గ్రుడ్లు పెట్టినచో, గీత లేనివానిని గుర్తించి తీసివేయవచ్చును.

గంప అడుగున ఇసుకయు బూడిదయు పోసి, దానిపై మెత్తని గడ్డి పరచి, నడుమ కొంచెము లోతు చేయవలెను. చీమలు, పందికొక్కులు, పాములు రాని చోట, మసక చీకటిలో దానిని ఉంచవలెను. కోడిని సాయంకాలము గ్రుడ్ల మీద కూర్చుండబెట్టినచో చీకటిలో కుదురుకొనును. నీళ్లును, జొన్నలో మొక్కజొన్నలో వంటి గట్టి గింజలును దగ్గరలో నుండవలెను. కోడి దినమునకు ఒకసారి దిగి, తిని, త్రాగి, మట్టిలో పొరలి, పదునైదు ఇరువది నిమిషములలో తిరిగి వచ్చును. గ్రుడ్లు చల్లబడునని భయపడి దానిని తరుమనక్కరలేదు. కొన్ని పెట్టలు అసలే దిగక చిక్కిపోవును. అట్టిదానిని రెక్కల క్రింద గ్రుడ్డు చిక్కుకొని యుండలేదని చూచుకొని, నెమ్మదిగా ఎత్తి మేత దగ్గర దింపవలెను.

ఆ గంపలో జరుగుచున్న పని అద్భుతమైనది. కోడి యొడలి వేడిచే గ్రుడ్డు ఇంచుమించు నూరు డిగ్రీల ఫారెన్‌హీటు వేడిమిలో నుండును. పిండము పెంకు పొరకు అంటుకొనకుండ కోడి దినమునకు ఎన్నో మారులు గ్రుడ్లను ముక్కుతో త్రిప్పును. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ పొదుగు క్రిందనున్న గ్రుడ్లలో జరుగు మార్పులను దినక్రమమున వర్ణించెను. మూడు దినములు గడచునప్పటికి తెల్లసొనలో నెత్తుటి చుక్కవలె గుండె కనబడి కొట్టుకొనునని ఆయన వ్రాసెను. నేడు మనము గ్రుడ్డు పగులగొట్టకయే దీనిని కొంత చూడవచ్చును. ఏడవనాటి రాత్రి చీకటి గదిలో గ్రుడ్డు పెద్దకొనకు టార్చిలైటునో, చేతిఫోను దీపమునో ఆనించినచో, జీవమున్న గ్రుడ్డులో నల్లని చుక్కయు, దాని చుట్టును సాలెగూడువంటి ఎఱ్ఱని నరములును కనబడును. ఏమియు లేక తేటగా నున్నది పిల్ల కానేరదు. అట్టివానిని తీసివేయవలెను. పదునాలుగవ నాడు మరల చూచి, చెడినవానిని తొలగించవలెను. మురిగిన గ్రుడ్డు గంపలో పగిలినచో తక్కినవానికి కూడ చేటు.

ఇరువదియొకటవ దినము వచ్చును. అంతకు ముందే పెంకు లోపలినుండి సన్నని కూత వినబడును. తల్లి గొంతు తగ్గించి బదులు పలుకును. పిల్ల ముక్కు మీద నున్న చిన్న ముల్లుతో పెంకును పొడిచి చిల్లి చేయును. ఇచ్చటనే నేను మొదటి సారి తప్పు చేసితిని. కాపురమునకు వచ్చిన క్రొత్తలో, చిల్లి పడి మూడు గంటలైనను పిల్ల రాకపోవుట చూడలేక, జాలిపడి గోటితో పెంకు ఒలిచితిని. లోపలి పొరనుండి నెత్తురు వచ్చినది. పిల్ల సాయంత్రమునకు చనిపోయినది. మా అత్తగారు కోపపడలేదు. "అమ్మాయీ, లోపల దాని పని దానికి ఉంటుంది. తొందర నీకే గాని దానికి లేదు," అన్నారు. ఆమె చెప్పినది అక్షరాల నిజమని తరువాత తెలిసినది. చిల్లి పడిన పిమ్మట కూడ పొరలోని నరముల నెత్తురు పిల్ల యొడలిలోనికి తిరిగి పోవుచుండును. మిగిలిన పచ్చసొన దాని కడుపులోనికి చేరుచుండును. ఈ పనికి పండ్రెండు గంటలు మొదలు ఒక దినమంతయు పట్టవచ్చును. ముందుగా ఒలిచిన మనము పిల్లకు సాయము చేయుట లేదు, దాని నెత్తురును, ఆహారమును మధ్యలో త్రెంచుచున్నాము.

కడుపులో చేరిన ఆ పచ్చసొనయే పిల్లకు మొదటి రెండు దినముల అన్నము. అందుచేత పుట్టిన వెంటనే మేత పెట్టవలెనని గంప కదల్చరాదు. తల్లి లేచినచో, ఇంకను పొదుగులో నున్న వెనుకటి గ్రుడ్లు చల్లబడును. ఖాళీ పెంకులను మాత్రము మెల్లగా తీసి, మరునాటి వరకు వానిని తమ పాటికి వదలవలెను.

పిల్లలు దిగిన నాటినుండి మన పని ఎక్కువగును. ఈకలు సరిగా వచ్చువరకు, అనగా మూడు నాలుగు వారములు, పిల్ల తన యొడలి వేడిని తాను నిలుపుకొనలేదు. యంత్రముతో పొదిగించిన పిల్లలకు మొదటి వారము దీపము క్రింద 95 డిగ్రీల వేడిమినిచ్చి, వారమునకు ఐదేసి డిగ్రీలు తగ్గించుకొనుచు రావలెను. తల్లియున్న పిల్లకు ఈ లెక్క అక్కరలేదు. చలి వేసినప్పుడు రెక్క క్రిందికి దూరును, ఉక్కపోసినప్పుడు వెలుపలికి వచ్చును. ఐతే తల్లి ఆరబెట్టలేనిది ఒకటి యున్నది. అది తడి. మంచులోను, వానలోను తడిసిన పిల్ల బ్రతుకుట కష్టము. ఉదయము మంచు ఆరిన పిమ్మటనే గంప ఎత్తవలెను.

మేతకు నూకలు, సన్నగా విరుగగొట్టిన జొన్నలు, చోళ్లు మంచివే. కాని వట్టి నూకలతో ఎముక, ఈక పెరుగవు. చెదపురుగులు, పొడిచేసిన వేరుసెనగ చెక్క, ఉడికించి చిదిపిన గ్రుడ్డు, లేక అంగడిలో దొరకు పిల్లల దాణా కొంచెము కలుపవలెను. గ్రుడ్లు పెట్టు కోళ్ల దాణాను పిల్లలకు పెట్టరాదు. అందులో అధికముగా నుండు సున్నము పిల్లల మూత్రపిండములను చెరుపును. తల్లియు కొన్నాళ్లు పిల్లల దాణా తినినచో నష్టము లేదు. నీళ్లను లోతులేని మూకుడులో పోసి, నడుమ గులకరాళ్లు వేయవలెను. పిల్లలు నీళ్లలో పడి చచ్చుట చిన్న విషయముగా తోచును గాని, ఎన్నో ఇండ్లలో జరుగుచున్నది.

గద్ద, కాకి, పిల్లి, ముంగిస, ఈ నలుగురికిని మన పెరటిలో పిల్లలు దిగిన వార్త మనకంటె ముందుగా తెలియును. మొదటి రెండు వారములు తల్లిని, పిల్లలను పెద్ద గంప క్రిందనో, వలకట్టిన గూటిలోనో ఉంచవలెను. ఆ పిమ్మట మనిషి కంటికి ఆనుచున్న వేళ, చెట్టు నీడన కొన్ని గంటలు వదలవచ్చును. తల్లిని గంప క్రింద నుంచి, పిల్లలు మాత్రము వెలుపలికి పోయి వచ్చునట్లు అంచు క్రింద చిన్న రాయి పెట్టుట మన పెద్దల ఉపాయము. తల్లి కదలదు గనుక పిల్లలు దూరము పోవు. కేక వినబడగానే లోపలికి పరుగెత్తును.

ఇంత కాపాడినను, ఒక్క వారములో పెరడంతయు ఖాళీ చేయునది కొక్కెర తెగులు. హిమాలయములలోని రాణిఖేత్ అను ఊరి పేరుతో దీనిని రాణిఖేత్ వ్యాధి యందురు. కోడి నోరు తెరచి ఊపిరి లాగును, ఆకుపచ్చని పలుచటి రెట్ట వేయును. కొన్నింటికి మెడ మెలితిరుగును. వచ్చిన పిమ్మట దీనికి మందు లేదు. రాకుండ టీకా మాత్రమే యున్నది. పిల్లలకు ఐదు మొదలు ఏడు దినముల లోపల కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయుదురు. ఆరు, ఎనిమిది వారముల నడుమ సూదిమందు వేయుదురు. మధ్య మోతాదులను, మశూచి టీకాను గూర్చి పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. టీకామందు చిన్న సీసాలో నూరు కోళ్లకో, రెండు వందల కోళ్లకో సరిపడునట్లు వచ్చును. మంచులో నుంచి తేవలెను. కలిపిన పిమ్మట గంట, రెండు గంటలలో వాడి ముగించవలెను. ఎనిమిది పిల్లలున్న ఇల్లాలు ఎనిమిది చుక్కల కొరకు సీసా తెప్పించుట యెట్లు? ఈ ఆలోచనతోనే చాలమంది టీకా మానివేయుదురు. తెగులు వచ్చి వీధి వీధంతయు నష్టపోవును.

దీనికి మార్గము మనలోనే యున్నది. వీధిలోని ఇల్లాండ్రు మాటలాడుకొని, పొదుగుకు వచ్చిన కోళ్లను ఒకే వారములో గ్రుడ్ల మీద పెట్టవలెను. పది ఇండ్లలో పదేసి గ్రుడ్లు పెట్టినచో, ఇరువదియొకటవ నాడు వీధిలో ఎనుబది పిల్లలుండును. ఒక్క సీసా అందరికి చాలును. పశువైద్యశాలకు ఒక్కరు పోయి వచ్చినచో సరిపోవును. కాపలా కూడ సులభమగును. ఒక ఇంటిలో తక్కువ పిల్లలు వచ్చినచో, అదే దినమున పుట్టిన పిల్లలను రాత్రివేళ మరియొక తల్లి రెక్కల క్రింద చేర్చవచ్చును. తెల్లవారునప్పటికి ఆ తల్లి వానిని తన పిల్లలుగానే చూచును. పిల్లలు లేని కోడి త్వరగా మరల గ్రుడ్లకు వచ్చును. మా వీధిలో ఈ ఏర్పాటు మొదలిడినప్పుడు, "కోళ్లకు కూడ ముహూర్తమా?" అని మగవారు నవ్విరి. ఆ యేడు తెగులు ప్రక్క వీధికి వచ్చి, మా వీధిని దాటి పోయిన పిమ్మట ఎవరును నవ్వలేదు.

తెగులు ఉన్న దినములలో సంతనుండి క్రొత్త కోడిని తెచ్చి వెంటనే మందలో కలుపరాదు. రెండు మూడు వారములు వేరుగా నుంచి చూడవలెను. చచ్చిన కోడిని చెరువులో గాని, దిబ్బ మీద గాని పారవేయక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను.

పొదుగు అక్కరలేనప్పుడు కోడి కూర్చున్నచో దానిని నీళ్లలో ముంచుట, ముక్కులో ఈక గ్రుచ్చుట వంటి పనులు కొందరు చేయుదురు. అది వట్టి హింస. గడ్డిలేని, క్రిందనుండి గాలి తగులు తడికెల గూటిలో మూడు నాలుగు దినములు మేత, నీళ్లు ఇచ్చి ఉంచినచో పొదుగు దానంతట అదియే దిగిపోవును.

పిల్లలకు ఆరు, ఎనిమిది వారములు నిండునప్పటికి తల్లి వానిని ముక్కుతో పొడిచి దూరము చేయును. చూచువారికి కఠినముగా తోచును గాని, అది దాని పని ముగిసినదనుటకు గుర్తు. కొన్ని దినములలో మరల గ్రుడ్డు పెట్టును. ఆ నాడు పెరటిలో నిలబడి పిల్లలను లెక్క పెట్టుకొనుడు. పుట్టినవి ఎనిమిదియై, నిలిచినవి ఏడైనచో, తల్లి పని తల్లి చేసినది, మీ పని మీరు చేసితిరి. నిలిచినవి రెండే యైనచో, తల్లికోడిని తిట్టుటకు ముందు, ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడు: గ్రుడ్లను ఏరితినా? గంప మూసితినా? టీకా వేయించితినా?